వాగులో పడిన చెట్టు ఎవరి ఇల్లు?



వానకాలపు వరదలకు గోదావరి ఎర్రబడగానే మన కోస్తా కుటుంబాలలో పులస మాట మొదలవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. సముద్రములో తిరిగే ఈ చేప గుడ్లు పెట్టుటకు వరదకు ఎదురీది నదిలోనికి వస్తుంది. వలలో పడిన పులస ధర ఎంత అని మనమందరము అడుగుతాము. కాని నదిలో పుట్టిన దాని పిల్లలు ఎక్కడ పెరుగుతాయి? ఏమి తింటాయి? పెద్ద ప్రవాహము వచ్చినప్పుడు ఎక్కడ తలదాచుకుంటాయి? ఈ ప్రశ్నలు అడిగేవారు చాలా తక్కువ.

సముద్రము నుండి నదికి వచ్చి గుడ్లు పెట్టే మరొక చేప విషయములో ఈ ప్రశ్నలను ఎంతో ఓపికగా అడిగారు. ఆ చేప పేరు సాల్మన్. అమెరికా పడమటి తీరమున ఉన్న ఒరెగాన్, వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రములలోను, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోను ఇది ప్రసిద్ధమైన చేప. సియాటిల్ పట్టణములో ఉద్యోగములు చేసుకొంటున్న మన తెలుగు పిల్లలలో అనేకులు, అక్కడి బ్యాలార్డ్ లాకుల దగ్గర అద్దాల వెనుక సాల్మన్ చేపలు ఎదురీదుతూ పోవుట చూచే ఉంటారు. చూచుటకు జనము వచ్చేది పెద్ద చేపల కొరకే. అయితే ఈ నెల మేము చెప్పదలచినది దాని పిల్లలను గూర్చి. మంచి చేస్తున్నామనుకొని మనుష్యులు ఆ పిల్లల ఇల్లు ఎలా కూల్చారో, తప్పు తెలిసిన తరువాత ఎలా తిరిగి కట్టనారంభించారో చెప్పదలచాము.

రాళ్ల క్రింద ఊయల

సాల్మన్‌లో అనేక జాతులు ఉన్నాయి. కోహో అనే జాతిని చూద్దాము. చలికాలపు వానలు పడి వాగులు పారగానే తల్లి కోహో సముద్రమును విడిచి తాను పుట్టిన వాగుకే తిరిగి వస్తుంది. గులకరాళ్లు ఉన్న చోటు ఎన్నుకొని, ప్రక్కకు ఒరిగి, తోకతో అడుగును బలముగా కొట్టి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టగానే మగ చేప వాటిని ఫలవంతము చేస్తుంది. వెంటనే తల్లి కొంచెము ఎగువనున్న రాళ్లను కదిలించి గుడ్లను కప్పుతుంది. ఒక్క తల్లి 2,000 నుండి 3,000 వరకు గుడ్లు పెడుతుంది. కొద్ది దినములకే తల్లియు తండ్రియు చనిపోతాయి. కోహో పిల్లలన్నీ పుట్టుకతోనే తల్లిదండ్రులు లేని పిల్లలు.

ఆ గుడ్లను ఇక కాపాడవలసినది వాగే. రాళ్ల సందులలో నుండి పారే చల్లని నీరే వాటికి ఊపిరి. ఎగువన కొండ చరియ విరిగి, లేక సరిగా వేయని రోడ్డు కోసుకొనిపోయి, మెత్తని మట్టి ఆ సందులలో పేరుకొంటే గుడ్లు ఊపిరాడక చనిపోతాయి. పొదిగిన తరువాత కూడ పిల్ల వెంటనే బయటికి రాదు. దాని పొట్టకు చిన్న సంచి వ్రేలాడుతూ ఉంటుంది. అది తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట. అది అయిపోయేవరకు పిల్ల చీకటిలో, రాళ్ల నడుమ ఉండి, వసంతకాలమున మూడు సెంటీమీటర్ల పొడవుతో వెలుగులోనికి వస్తుంది.

అక్కడ నుండి ఒక్కొక్క జాతిది ఒక్కొక్క దారి. పింక్, చమ్ అనే జాతుల పిల్లలు రాళ్లలో నుండి వచ్చిన కొద్ది కాలమునకే సముద్రమునకు బయలుదేరుతాయి. సాకై పిల్లలు ఎక్కువగా సరస్సులలో ఒకటి రెండు సంవత్సరములు పెరుగుతాయి. చినూక్ పిల్లలలో కొన్ని కొద్ది నెలలే ఉంటాయి, కొన్ని ఏడాది ఉంటాయి. కోహో పిల్లలు సాధారణముగా ఒక సంవత్సరము పైగా, అలాస్కా వంటి చలి ప్రాంతములలో రెండు సంవత్సరములు కూడ, వాగులోనే ఉంటాయి. గనుక వాగు చెడితే ఎక్కువ నష్టపోయే జాతులలో కోహో ఒకటి.

ఒకే వాగు, వేరు వేరు గదులు

మన కంటికి వాగంతా ఒకే నీరు. పిల్ల చేపకు మాత్రము అది అనేక గదుల ఇల్లు.

మొదటి దినములలో చిన్న పిల్ల గట్టు వెంబడి, గడ్డి వేళ్ల చాటున, నీరు నిలకడగా ఉన్న చోటనే ఉంటుంది. నడి ప్రవాహములోనికి పోతే కొట్టుకొనిపోతుంది. కొంత ఎదిగిన తరువాత కోహో పిల్ల లోతైన మడుగు చూచుకొంటుంది. అదే వాగులో పెరిగే స్టీల్‌హెడ్ అనే మరొక చేప పిల్లలు వేసవిలో రాళ్ల మీదుగా గలగల పారే పలుచని నీటిని ఎన్నుకొంటాయి. 1965లో బ్రిటిష్ కొలంబియా వాగులను గూర్చి ప్రచురించబడిన పరిశీలనలో ఈ సంగతి స్పష్టముగా చూపబడింది. ఒకే ఇంటిలో రెండు కుటుంబములు గదులు పంచుకొన్నట్లు, మడుగు ఒకరిది, పరుగు నీరు ఒకరిది. చలికాలము వచ్చినప్పుడు మాత్రము రెండును నెమ్మదైన నీటిలోనికే చేరుతాయి.

మడుగులో కూడ ఏ చోటైనా సరిపోదు. పిల్ల చేపకు ఆహారము నీటిలో కొట్టుకొని వచ్చే పురుగులు. వేగముగా పారే నీరు ఎక్కువ పురుగులను తెస్తుంది. కాని ఆ వేగములో నిలబడి ఈదుటకు, తిన్నదాని కంటె ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అందుచేత దానికి కావలసినది వడి నీటిని ఆనుకొనియున్న నిదానమైన నీరు. అది నిదానమైన చోట నిలిచి, ప్రక్కనే పోతున్న పురుగును ఒక్క ఉదుటున పట్టుకొని, మరల తన చోటికి వస్తుంది. అటువంటి మంచి చోటికి పోటీ ఉంటుంది. బలమైన పిల్ల ముందు నిలుస్తుంది. బలహీనమైనది వెనుకకు, లేక వేరే మడుగుకు పోతుంది.

ఇంతకు, వడి నీటి ప్రక్కన నిదానమైన నీటిని ఏర్పాటు చేసేది ఏమి? ఎక్కువగా, గట్టు మీద నుండి వాగులో పడిన పెద్ద చెట్టే. దాని మొద్దు తగిలి నీరు క్రిందికి త్రవ్వుకొని మడుగు అవుతుంది. దాని వెనుక నీరు నిదానిస్తుంది. కొమ్మల నీడ చేపపిల్లను కొంగల కంటికి కనబడనియ్యదు. మొద్దుకు ఆనుకొని గులకరాళ్లు నిలిచి, మరుసటి ఏడు మరొక తల్లి గుడ్లు పెట్టుటకు చోటు సిద్ధమవుతుంది. మనకు అడ్డముగా పడిన చెట్టే వాటికి వంటిల్లు, పడక గది, గోడ, కప్పు.

తల్లి మిగిల్చిన అన్నము

ఆ మొద్దులు చేసే మరొక మేలు ఉంది. గుడ్లు పెట్టి చనిపోయిన పెద్ద చేపల కళేబరములు మొద్దులు లేని వాగులో వరదకు కొట్టుకొనిపోతాయి. మొద్దులున్న వాగులో అవి చిక్కుకొని నిలిచిపోతాయని వాషింగ్టన్ రాష్ట్రములోని ఒలింపిక్ ద్వీపకల్పపు వాగులలో 1980లలో గమనించారు. 1990లలో మరికొందరు పరిశోధకులు, ఆ కళేబరములలో సముద్రము నుండి వచ్చిన పోషక పదార్థము పిల్ల చేపల శరీరములలోనికి చేరుతున్నదని చూపించారు. ముందు ఏడు పుట్టి ఇంకను వాగులోనే ఉన్న కోహో పిల్లలు ఈ మాంసమును, చెదరిన గుడ్లను తిని, చలికాలములో కూడ ఎదుగుతాయి. వానకు నిండిన వాగులో దొరికే ఆ అన్నము, ఒక మొద్దు పట్టి ఉంచబట్టే దొరుకుతుంది.

చలికాలపు గండము

మన దగ్గర వరదలు వానకాలములో వస్తాయి. ఆ తీరమున పెద్ద వానలు చలికాలములోనే కురుస్తాయి. నవంబరు మొదలు వాగు ఉరకలు వేస్తుంది. నీరు మంచువలె చల్లగా ఉంటుంది. చలికి చేపపిల్ల ఒంటిలో చురుకు తగ్గుతుంది. ప్రవాహము పెరుగుతుంది, దాని బలము తగ్గుతుంది. పెట్టిన గుడ్లలో సముద్రమునకు పోయే వయస్సు వరకు బ్రతికేవి సాధారణముగా నూటికి ఒకటి రెండే. ఆ నష్టములో ఈ చలికాలపు పాలు చాలా ఉంది.

అప్పుడు అవి ఏమి చేస్తాయి? స్టీల్‌హెడ్ పిల్లలు పెద్ద రాళ్ల సందులలో దూరుతాయి. కోహో పిల్లలు ప్రధాన ప్రవాహమును విడిచి ప్రక్క పాయలకు, చిత్తడి గుంటలకు, గట్టు క్రింది తొర్రలకు వలసపోతాయి. వాషింగ్టన్‌లోని క్లియర్‌వాటర్ నది దగ్గర గుర్తు వేసిన కోహో పిల్లలలో కొన్ని, చలికాలపు గుంటను చేరుటకు 33 కిలోమీటర్ల దూరము దిగువకు ప్రయాణము చేసినట్లు 1982లో ప్రచురించారు. అప్పటికి వాటి పొడవు మన వేలంత.

కెనడాలో వాంకూవర్ దీవి మీద కార్నేషన్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. 1970లో అక్కడ మొదలైన పరిశీలన దశాబ్దముల తరబడి సాగింది. అక్కడ తెలిసిన వింత సంగతి ఏమనగా, వేసవిలో చుక్క నీరు లేక, ఎవరి కంటికిని వాగుగా కనబడని పల్లములలో చలికాలమున కోహో పిల్లలు నివసిస్తాయి. వేసవిలో చూచిన మనిషి, ఇది పనికిరాని గుంట అనుకొని పూడ్చివేయవచ్చు. అందులో వచ్చే చలికాలపు పిల్లల పడక ఉన్నదని అతనికి తెలియదు.

మంచి మనస్సుతో జరిగిన కీడు

ఇప్పుడు ఈ కథలోని బాధాకరమైన భాగమునకు వద్దాము.

1880ల నుండి 1950ల వరకు ఒరెగాన్, వాషింగ్టన్ అడవులలో కోసిన దుంగలను దిగువకు పంపుటకు వాగులకు అడ్డముగా కొయ్య కట్టలు కట్టేవారు. వెనుక నీరు నిండగానే ఒక్కసారిగా వదిలివేసేవారు. దుంగలతో కూడిన ఆ పోటు వాగు అడుగునున్న గులకరాళ్లను, పడిన చెట్లను, మడుగులను ఊడ్చుకొనిపోయేది. కొన్ని చోట్ల వట్టి బండరాయి మిగిలింది. దీనిని లాభము కొరకు చేశారు.

తరువాత జరిగినది లాభము కొరకు కాదు. 1950ల నుండి 1970ల వరకు చేపల సంరక్షణ శాఖలవారే వాగులలోని మొద్దులను తీయించారు. అడవి నరికినప్పుడు మిగిలిన కొమ్మలు, మొద్దులు వాగులలో గుట్టలుగా పడియుండేవి. పెద్ద చేపలు వాటిని దాటి ఎగువకు పోలేవని ఆ ఉద్యోగులు తలంచారు. కొన్ని చోట్ల అది నిజమే. అయితే మంచివి చెడ్డవి ఏరక, మైళ్ల పొడవున వాగులను శుభ్రము చేయించారు. మొద్దులు పోయిన వాగు తిన్నగా, తేటగా, చూచుటకు అందముగా కనబడింది. పెద్ద చేప ఎగువకు పోవుటకు దారి దొరికింది. కాని అది పెట్టిన గుడ్లలో నుండి వచ్చిన పిల్లకు నిలువ నీడ లేకపోయింది. వారు చేపకు శత్రువులు కారు. చేప కొరకే కష్టపడ్డారు. తల్లి వచ్చే దారి చూచారు గాని, పిల్ల పెరిగే గదిని చూడలేదు.

నీడ మాట కూడ చెప్పాలి. ఒరెగాన్‌లోని ఆల్సీ నదీ ప్రాంతములో మూడు చిన్న వాగులను 1959 నుండి 1973 వరకు పరిశీలించారు. 1966లో వాటిలో నీడిల్ బ్రాంచ్ అనే వాగు రెండు ప్రక్కల అడవిని గట్టు చెట్లతో సహా నరికారు. రెండవ వాగు దగ్గర కొన్ని చోట్లనే నరికి, గట్టు చెట్లను ఉంచారు. మూడవదానిని ముట్టలేదు. నీడ పోయిన నీడిల్ బ్రాంచ్‌లో నీటి వేడి తరువాతి వేసవిలో దాదాపు 29 డిగ్రీల సెల్సియస్ వరకు పెరిగింది. మనకు ఆ నీరు స్నానమునకు హాయిగా ఉంటుంది. సాల్మన్ పిల్లకు 20 డిగ్రీలు దాటితేనే కష్టము మొదలవుతుంది. గట్టు చెట్లు ఉంచిన వాగులో ఇటువంటి వేడి రాలేదు. ఇటువంటి పరిశోధనల వెనుకనే ఒరెగాన్ రాష్ట్రము 1971లో అడవుల పనులను గూర్చి చట్టము చేసింది.

తీసినదానిని తిరిగి పెట్టుట

1980ల నుండి పని తలక్రిందులయింది. మొద్దులు తీయించిన శాఖలే మొద్దులు తెచ్చి వాగులలో వేయించసాగాయి. ఒరెగాన్ తీరములో ఆల్సీ, నెస్టకా నదుల ఉపనదులలో మొద్దులతో మడుగులు ఏర్పరచి, గట్టు ప్రక్క నిదానమైన గుంటలు త్రవ్వి, ప్రక్కనే మార్చని వాగులతో పోల్చి చూచారు. చలికాలము దాటి బ్రతికిన కోహో పిల్లలు, సముద్రమునకు బయలుదేరిన పిల్లలు, మార్చిన వాగులలో బాగా పెరిగినట్లు 2000లో ప్రచురించారు.

మనుష్యులకంటె ముందు ఈ పని చేసిన జంతువు ఒకటి ఉంది. దాని పేరు బీవర్. ఎలుక జాతికి చెందినదే గాని కుక్కంత పెద్దది. పళ్లతో చెట్లను కొరికి పడవేసి, కొమ్మలు, మట్టితో వాగుకు అడ్డముగా కట్ట కట్టుకొంటుంది. దాని వెనుక ఏర్పడే చెరువు కోహో పిల్లలకు మంచి నివాసము. అయితే పందొమ్మిదవ శతాబ్దములో టోపీల ఉన్ని కొరకు బీవర్లను విపరీతముగా వేటాడారు. ఒరెగాన్‌లోని బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో, వాటి పనికి సాయముగా వరుసగా గుంజలు పాతి, కొమ్మలు అల్లి చిన్న కట్టలు వేశారు. బీవర్లు వచ్చి వాటిని తమవిగా చేసుకొన్నాయి. అక్కడ స్టీల్‌హెడ్ పిల్లల సంఖ్యయు, బ్రతికే పాలును పెరిగినట్లు 2016లో ప్రచురించారు.

అయితే ఒక్క మాట. కూల్చినంత సులభము కాదు కట్టుట. తెచ్చి వేసిన మొద్దులలో కొన్ని వరదకు పోతాయి. ఈ దినము గట్టున నాటిన మొక్క పెద్ద మానై, ముదిరి, తనంతట తాను వాగులో పడుటకు నూరేండ్లు పట్టవచ్చు. ఒరెగాన్ తీరపు కోహోను 1998లో అమెరికా ప్రభుత్వము ముప్పులో ఉన్న జాతుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. ఒక తరము పది, ఇరవై ఏండ్లలో ఊడ్చివేసినదానిని మనుమల తరము తిరిగి చేర్చుచున్నది.

వరి మడిలో సాల్మన్ పిల్లలు

మన రైతు కుటుంబములకు సంతోషము కలిగించే సంగతి ఒకటి మిగిలియున్నది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది పూర్వము చలికాలములో పొంగి విశాలమైన పల్లములను ముంచేది. చినూక్ పిల్లలు ఆ పలుచని నీటిలో మేసేవి. నదికి ఇరువైపుల గట్లు వేసిన తరువాత ఆ పల్లములలో అధిక భాగము వరి పొలములయ్యాయి. పిల్ల చేపలు గట్ల నడుమ కాలువ వంటి నదిలో మేత లేక మిగిలాయి.

2012 నుండి అక్కడి యోలో బైపాస్ అనే వరద పల్లములో పరిశోధకులు, రైతులు కలసి ఒక ప్రయోగము చేశారు. శరత్కాలములో వరి కోసిన తరువాత మడులలో కొయ్యకాలు ఉండగానే నీరు పెట్టి, చలికాలములో చినూక్ పిల్లలను వదిలారు. గడ్డి కుళ్లి, నీటిలో సన్నని పురుగులు కోట్లకొలదిగా పుట్టాయి. పిల్లలు రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున ఎదిగాయి. వసంతమున నీరు వదలి పిల్లలను నదికి పంపి, రైతులు యథాప్రకారము దుక్కి దున్నుకొన్నారు. పంట పోలేదు, చేపకు ఇల్లు దొరికింది. వరి మడిలో చేపపిల్లలు ఆడుట మన డెల్టా రైతులకు క్రొత్త కాదు గాని, శీతల దేశపు సాల్మన్‌కు అది అక్కర తీర్చింది.

మన ఊరి వాగు

మన వాగులు వేరు, మన చేపలు వేరు. అక్కడి లెక్క ఇక్కడ యథాతథముగా వేయరాదు. అక్కడ కూడ చెట్టు పడి నిజముగా దారి మూసిన చోట్లు ఉన్నాయి; మన ఊరిలోను వంతెనకు అడ్డుపడిన మొద్దును తీయక తప్పదు. అయినను తీయుటకు ముందు, పూడ్చుటకు ముందు, గట్టు చెట్టు నరుకుటకు ముందు అడుగవలసిన ప్రశ్న మాత్రము ఒక్కటే: దీని క్రింద ఎవరు పెరుగుతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవారు మన మధ్యనే ఉన్నారు. ఏ మడుగు వేసవిలో ఎండదో, ఏ నాచు చాటున కొర్రమీను గూడు కాచుకొని పిల్లల గుంపును వెంటబెట్టుకొని తిరుగుతుందో, ఊరిలోని వృద్ధులను, చేపలు పట్టే కుటుంబములవారిని అడిగితే చెబుతారు. మీ పిల్లలను వారి యొద్దకు తీసికొనిపోయి అడిగించండి. తరువాత ఒక సాయంకాలము పెద్దలు వెంట ఉండి వాగు గట్టున కొంతసేపు మాట్లాడక కూర్చోనియ్యండి. మీ నీడ నీటి మీద పడకుండ చూచుకోండి. పడిన కొమ్మ ప్రక్కన, వడి నీరు నిదానమైన నీటిని తాకే చోట, ఎదురు ముఖముగా నిలిచియున్న చిన్న పిల్లలు కనబడవచ్చు.